లాంగ్ లైఫ్ హెడ్‌లైట్ బల్బు: ఎవరికి మేలు, ఎవరికి వృథా

కారు హెడ్‌లైట్ బల్బు తరచుగా కాలిపోతోందని విడిభాగాల దుకాణంలో చెప్పుకుంటే, కౌంటర్ వెనుక నుంచి వచ్చే సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈసారి కొంచెం మంచిది వేయించండి. ఆ ‘మంచిది’ ఒక చోట ఎక్కువ వెలుగునిచ్చే బల్బు అవుతుంది, మరొక చోట నీలి పూత పూసిన తెల్లకాంతి బల్బు అవుతుంది, ఇంకొక చోట ఎల్ఈడీ జత అవుతుంది. వీటిలో ఏదీ అసలు బల్బు ఎందుకు పోతోందన్న ప్రశ్న జోలికి వెళ్లదు; పైగా మొదటి రెండూ మామూలు బల్బు కంటే త్వరగా పోయే రకాలు. మన్నిక కోసమే తయారైన హాలోజన్ బల్బులు వేరే ఉన్నాయి. వాటిలో ఫిలిప్స్ పేరుతో అమ్ముడవుతున్న ‘లాంగ్‌లైఫ్ ఎకోవిజన్’ హెచ్4 రకాన్ని (డిమ్మూ బ్రైటూ ఒకే బల్బులో ఉండే రకం) మా ఇంటి చిన్న కారులో వేయించి, విజయవాడ నగరం లోపలా, హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీదా, ఒక వేసవీ ఒక వానాకాలమూ దాటేదాకా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ బల్బు మంచిదే. మామూలు బల్బు కంటే ఎక్కువ కాలం మన్నేలా తయారైందనడంలో నాకు సందేహం లేదు. అయితే కారులో చార్జింగ్ వోల్టేజీ, వైరింగ్, హోల్డర్ సరిగా ఉన్నాయో లేదో చూడకుండా దీనిని వేయిస్తే, పెట్టిన అదనపు డబ్బులో చాలా భాగం నీటిపాలవుతుంది. రోడ్డు మీద ఇప్పటికన్నా ఎక్కువ వెలుగు కావాలనుకునేవారు దీని జోలికి పోనవసరమే లేదు.

తయారీదారు చెప్పుకునేది ఏమిటంటే, ఈ బల్బు మామూలు బల్బు కంటే 4 రెట్ల వరకు ఎక్కువ కాలం వెలుగుతుందని, లక్ష కిలోమీటర్ల వరకు మార్చవలసిన అవసరం ఉండదని. ఒస్రామ్ సంస్థ ‘అల్ట్రా లైఫ్’ పేరుతో అమ్మే బల్బు కూడా ఈ కోవలోనిదే. ఇలాంటి అంకెలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, బల్బుల ఆయుష్షును పరిశ్రమలో రెండు రకాలుగా లెక్కిస్తారు. పరీక్షకు పెట్టిన బల్బుల్లో 3 శాతం పోయే సమయాన్ని బీ3 అంటారు, 63.2 శాతం పోయే సమయాన్ని టీసీ అంటారు. రెండో అంకె సహజంగానే చాలా పెద్దదిగా ఉంటుంది కాబట్టి, ఒక సంస్థ బీ3 అంకెనూ మరొక సంస్థ టీసీ అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పుడు నిర్ణయానికి వస్తాము. రెండవది, ఈ పరీక్షలన్నీ 13.2 వోల్టుల వద్ద జరుగుతాయి. మన కారు బల్బుకు అంతకంటే ఎక్కువ వోల్టేజీ అందుతుంటే అట్ట మీద ఉన్న వాగ్దానం మనకు వర్తించదు. అసలు కథంతా ఈ రెండో విషయంలోనే ఉంది.

హాలోజన్ బల్బులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2,900 డిగ్రీల సెల్సియస్ వేడిలో వెలుగుతుంది. టంగ్‌స్టన్ కరిగేది 3,422 డిగ్రీల వద్ద కాబట్టి తీగ కరగదు గానీ, ఆ వేడికి దాని పైపొర కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. బల్బులో నింపిన అయోడిన్ లేదా బ్రోమిన్ ఆ ఆవిరిని గాజుకు అంటుకోనివ్వకుండా పట్టి, తిరిగి తీగ దగ్గరకు చేరుస్తుంది. ఇలా జరగాలంటే గాజు గోడ కనీసం 250 డిగ్రీల వేడి మీద ఉండాలి. అందుకే హాలోజన్ బల్బులు అంత చిన్నవిగా, మామూలు గాజుకు బదులు క్వార్ట్జ్ వంటి వేడికి ఓర్చే పదార్థంతో తయారవుతాయి. అయితే తిరిగి వచ్చిన టంగ్‌స్టన్ సరిగ్గా అరిగిన చోటే చేరదు. కాలం గడిచేకొద్దీ తీగ ఎక్కడో ఒక చోట సన్నబడుతుంది, సన్నబడిన చోట వేడి పెరుగుతుంది, వేడి పెరిగిన చోట మరింత ఆవిరవుతుంది, చివరికి అక్కడే తెగుతుంది.

ఈ వ్యవహారంలో వోల్టేజీ పాత్ర ఎంత పెద్దదో చాలామందికి తెలియదు. బల్బు ఆయుష్షు వోల్టేజీకి విలోమంగా సుమారు 13వ ఘాతంలో మారుతుందని ఇంజనీర్లు ఉజ్జాయింపుగా లెక్కిస్తారు. అంటే వోల్టేజీ 5 శాతం పెరిగితే వెలుగు 18 శాతం వరకు పెరుగుతుంది, ఆయుష్షు మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. 13.2 వోల్టుల దగ్గర పరీక్షించిన బల్బుకు నిలకడగా 14.4 వోల్టులు అందితే దాని ఆయుష్షు మూడో వంతుకు, 15 వోల్టులు అందితే ఐదో వంతుకు దిగుతుంది. నూనె దీపంలో వత్తిని ఎగదోస్తే వెలుగు పెరిగి, నూనె తొందరగా అయిపోయినట్టే ఇక్కడా వెలుగూ మన్నికా ఒకదాన్ని తగ్గించి ఒకదాన్ని పెంచుకునే బేరమే. 130 శాతం, 150 శాతం ఎక్కువ వెలుగు అని అట్టపెట్టె మీద రాసుకునే బల్బులు తీగను మరింత వేడి మీద నడుపుతాయి. లాంగ్ లైఫ్ బల్బులు తీగను కొంచెం తక్కువ వేడి మీద నడుపుతాయి. రెండూ ఒకే బల్బులో కావాలని అడిగేవారికి హాలోజన్ బల్బుల్లో జవాబు దొరకదు.

ఇక మా కారు సంగతి. రెండు వైపుల బల్బులూ కొద్ది తేడాతో పోతుండేవి. విప్పి చూసినప్పుడు గాజు లోపలి వైపు నల్లని, అద్దంలా మెరిసే పొర కనిపించేది. పోయిన బల్బును చెత్తబుట్టలో వేసేముందు ఒక్క నిమిషం వెలుతురులో పెట్టి చూడమని అందరికీ చెబుతాను, ఎందుకంటే అది ఎలా పోయిందో చాలాసార్లు దాని గాజే చెబుతుంది. గాజు నల్లబడి ఉంటే ఆయుష్షు తీరిపోయి అయినా ఉండాలి, తక్కువ కాలంలోనే అలా జరిగితే వోల్టేజీ ఎక్కువైనా అయి ఉండాలి. గాజు నిర్మలంగా ఉండి తీగ మాత్రం తెగి ఉంటే, గుంతల్లో పడిన కుదుపో, బల్బును పట్టి ఉంచే స్ప్రింగ్ క్లిప్ వదులై అదిరిపోవడమో కారణం కావచ్చు. లోపల తెల్లని లేదా పసుపు ఛాయ గల పొడి పేరుకుని ఉంటే గాజు ఎక్కడో చిట్లి గాలి చొరబడిందని అర్థం. వేడి బల్బు మీద నీటి చుక్క పడినా ఇలా జరుగుతుంది. గాజు మీద ఒక చోట బుడగలా ఉబ్బినా, పాల రంగు మచ్చ ఏర్పడినా, బిగించేటప్పుడు ఎవరో వేలితో ముట్టుకున్నారని అనుమానించవచ్చు. ఎప్పుడూ ఒకే వైపు బల్బు పోతుంటే ఆ వైపు హోల్డరునూ, క్లిప్పునూ, నీరు కారే చోటునూ వెతకాలి. రెండు వైపులా పోతుంటే చార్జింగ్ దగ్గర మొదలుపెట్టాలి.

మేము మొదలుపెట్టింది అక్కడే. ఆటోనగర్‌లో చాలా కాలంగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరకు కారు తీసుకువెళ్లాము. ఆయన బల్బులను కనీసం విప్పలేదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ముళ్లను నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకు తాకించారు. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.5 దరిదాపుల్లో ఉంది, అది సబబే. ఐడిల్‌లో 14.2 చూపింది, అదీ సబబే. యాక్సిలరేటర్ తొక్కి ఇంజను వేగం పెంచేసరికి అంకె 15 దాటి పైకి పోయింది. “బల్బుల తప్పేం లేదండీ, చార్జింగ్ ఎక్కువ కొడుతోంది. ఇలాగే వదిలేస్తే బ్యాటరీ కూడా ఉడికిపోతుంది” అన్నారాయన. ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లోని రెగ్యులేటర్, పాత మేస్త్రీలు కటౌట్ అనే భాగం, వేగం పెరిగినప్పుడు వోల్టేజీని అదుపు చేయలేకపోతోందని తేలింది. దానిని మార్చాక అదే పరీక్షలో అంకె 14.3 దగ్గర నిలిచింది.

ఈ పరీక్ష గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా కార్లలో ఇంజను 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు ఉండటం మామూలే. కొత్త తరం కార్లు కొన్నింటిలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను నడుపుతుంది. బ్రేకు మీదో, పల్లంలోనో వోల్టేజీని కొంతసేపు కావాలనే పెంచి, మరో సమయంలో తగ్గిస్తుంది. అటువంటి కారులో ఒక్కసారి మీటర్ పెట్టి చూసి రెగ్యులేటర్ పాడైందని తీర్మానించకూడదు. కొన్ని యూరోపియన్ కార్లలో హెడ్‌లైట్లకు వెళ్లే సగటు వోల్టేజీని కంప్యూటర్ 13.2 దగ్గరే పట్టి ఉంచుతుంది. వాటిలో చార్జింగ్ కొద్దిగా ఎక్కువైనా బల్బు దాకా ఆ ప్రభావం రాదు.

బ్యాటరీ టెర్మినళ్ల బిగువు కూడా ఇదే వరుసలో చూడవలసింది. టెర్మినల్ వదులైతే నడుస్తున్న ఇంజనుకూ బ్యాటరీకీ మధ్య బంధం క్షణకాలం తెగి అతుక్కుంటూ ఉంటుంది. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ఉద్ధృతిని పీల్చుకునే బ్యాటరీ ఆ క్షణంలో అందుబాటులో ఉండదు కాబట్టి వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, వెలుగుతున్న బల్బుల మీద పడుతుంది. హెడ్‌లైటుతో పాటు బ్రేకు లైటు బల్బులో, నంబరు ప్లేటు బల్బులో కూడా పోతుంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. సరిచేయడానికి ఒక స్పానరూ, టెర్మినల్ మీది తెల్లటి పూతను రుద్దడానికి గరుకు కాగితమూ చాలు.

బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీ అంతా బల్బుకు చేరదు. స్విచ్, ఫ్యూజు, కనెక్టర్లు, సన్నని తీగలు కలిసి దారిలో అర వోల్టు నుంచి ఒక వోల్టు వరకు తినేస్తాయి. బ్యాటరీ దగ్గర 14.3 ఉన్న కారులో బల్బుకు 13.5 అందడం అందుకే సాధారణం. ఇది లోపమే అయినా బల్బు ఆయుష్షుకు మేలు చేసే లోపం. దీనిని తొలగించడానికి రిలేలతో, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్‌లతో, కూడిన వైరింగ్ కిట్లు అమ్ముతారు. బ్యాటరీ నుంచి లావు తీగ ద్వారా నేరుగా హోల్డరుకు కరెంటు వెళ్తుంది, పాత స్విచ్ రిలేను మాత్రమే నడుపుతుంది. వెలుగు స్పష్టంగా పెరుగుతుంది, స్విచ్ వేడెక్కడం తగ్గుతుంది. బల్బుకు అందే వోల్టేజీ 7 శాతం పెరిగిందనుకుంటే వెలుగు నాలుగో వంతు మేర పెరిగి, ఆయుష్షు సగానికన్నా తగ్గుతుంది. వెలుగు చాలక రిలే కిట్ వేయించుకునేవారికి అది సరైన నిర్ణయమే కావచ్చు. బల్బులు పోతున్నాయని రిలే కిట్ వేయించుకోమని సలహా ఇచ్చేవారి మాట మాత్రం వినకూడదు. నా దృష్టిలో లాంగ్ లైఫ్ బల్బు బాగా రాణించే చోట్లలో ఒకటి కూడా ఇదే: రిలే కిట్ ఉన్న కారులో దీనిని వేస్తే, అది కోల్పోయిన కాస్త వెలుగూ వోల్టేజీ రూపంలో తిరిగి వస్తుంది, మన్నిక మామూలు బల్బుకు తీసిపోదు.

హెచ్4 బల్బులో రెండు తీగలు, మూడు పిన్నులు ఉంటాయి: ఒకటి డిమ్ముకు, ఒకటి బ్రైటుకు, ఒకటి రెండింటికీ ఉమ్మడి ఎర్తు. ఆ ఎర్తు తుప్పు పట్టినా వదులైనా కరెంటు తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటూ రెండో తీగ గుండా, ఇతర దీపాల గుండా పోతుంది. డిప్పర్ కొట్టినప్పుడు ఒక వైపు దీపం మసకబారడం, వెలుగు వణకడం దీని లక్షణాలు. పిన్ను సరిగా పట్టని హోల్డరు వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, చివరికి కరుగుతుంది. మా కారులో ఎడమ హోల్డరు అప్పటికే రంగు మారి ఉండటంతో రెండు వైపులా పింగాణీ హోల్డర్లు వేయించాము. బల్బు ఖరీదుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు.

బిగించే పనిలో ఈ బల్బుకు ప్రత్యేకమైన తిప్పలేవీ లేవు. మూడు చెవులలో వెడల్పాటిది పైకి వచ్చేలా కూర్చోబెడితే దానంతట అదే ఇమిడిపోతుంది. బలవంతంగా తిప్పి క్లిప్ వేసేస్తే కాంతి గీత చెదిరి, ఎదుటివారి కళ్లలో పడుతుంది. గాజును చేతితో ముట్టుకోకూడదన్న నియమాన్ని చాలా గ్యారేజీల్లో చాదస్తంగా చూస్తారు, అది చాదస్తం కాదు. చర్మం మీది జిడ్డులోనూ ఉప్పులోనూ ఉన్న సోడియం వందల డిగ్రీల వేడిలో క్వార్ట్జ్ లోనికి ఇంకి దాని నిర్మాణాన్ని చెడగొడుతుంది. ఆ చోట వేడి నిలిచి గాజు ఉబ్బడమో చిట్లడమో జరుగుతుంది. పొరపాటున వేలు తగిలితే స్పిరిట్‌లో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే వెలిగించాలి. వెనుక ఉండే రబ్బరు మూతను తిరిగి సరిగా తొడగడం కూడా అంతే ముఖ్యం. అది చినిగి ఉన్నా, పెట్టడం మరిచినా వానాకాలంలో చెమ్మా, ఎండాకాలంలో దుమ్మూ రిఫ్లెక్టరు మీద చేరి, ఎంత మంచి బల్బు వేసినా వెలుగు లేకుండా చేస్తాయి.

ఇప్పుడు వెలుగు సంగతి. మామూలు బల్బు ఒక వైపు, లాంగ్ లైఫ్ బల్బు ఒక వైపు వేసి గోడ మీద కొట్టి చూస్తే, రెండోదాని కాంతి ఒక పిసరు పసుపుగా, ఒక పిసరు మెత్తగా కనిపించింది. రెండూ ఒకే రకం అయ్యాక ఆ తేడా రోడ్డు మీద నాకు గుర్తుకు రాలేదు. దీనికి కారణముంది. ఆర్37 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం హెచ్4 బల్బు 13.2 వోల్టుల వద్ద బ్రైటులో 1,650, డిమ్ములో 1,000 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం కాంతికి కొలత) ఇవ్వాలి. తేడా 15 శాతం దాటకూడదు. ఆమోద ముద్ర ఉన్న బల్బు ఏదైనా, మన్నికది కానీ మెరుపుది కానీ, ఈ హద్దుల లోపలే ఉంటుంది. మెరుపు బల్బులు చెప్పే 130 శాతం, 150 శాతం అన్నవి మొత్తం కాంతి పెరుగుదల కాదు. రోడ్డు మీద ఎంపిక చేసిన కొన్ని బిందువుల దగ్గర కాంతిని గుమికూర్చడం వల్ల, అదీ నిబంధన కోరే కనీస స్థాయితో పోల్చి చెప్పడం వల్ల వచ్చిన అంకెలు.

జాతీయ రహదారి మీద రాత్రిపూట డివైడర్ అవతలి నుంచి వచ్చే తీవ్రమైన తెల్ల కాంతుల నడుమ, ఈ బల్బు వెలుగు నాకు సరిపోయింది. వాన పడుతున్నప్పుడు ఆ పసుపు ఛాయ కంటికి హాయిగా ఉంది. తడి తారు మీద గీతలు తెల్ల బల్బుల కాంతిలో కంటే తేటగా కనిపించాయని నాకు అనిపించింది. అయితే మా కారు హెడ్‌లైట్ ముందు భాగం శుభ్రంగా ఉందని కూడా చెప్పాలి. ప్లాస్టిక్ ముఖం ఎండకు పసుపెక్కి, గరుకుబారి ఉన్న కారులో ఈ బల్బు వేస్తే వెలుగు చాలదనిపించడం ఖాయం, కానీ ఆ తప్పు బల్బుది కాదు. పాలిష్ చేయించి, దీపం ఎత్తును సరిచేయిస్తే వచ్చే లాభం ఏ బల్బు మార్పిడి వల్లా రాదు. మన ఎండల్లో ఆరుబయట నిలిపే కార్లకు ఈ పసుపు త్వరగానే వస్తుంది. వెలుగు తగ్గిందని ముఖం వదిలేసి బల్బు మార్చడం, ఆ బల్బు త్వరగా పోయిందని మళ్లీ మార్చడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

అలాంటి సందర్భంలోనే 100/90 వాట్ల బల్బులు, అంటే బ్రైటుకు 100, డిమ్ముకు 90 వాట్లు తీసుకునేవి, అమ్ముడవుతాయి. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లది. 12 వోల్టుల లెక్కన ఒక్కో బ్రైటు తీగ 5 ఆంపియర్లు తీసుకునే చోట ఇది 8 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. రెండు దీపాలకు కలిపి 10 ఆంపియర్ల కోసం వేసిన తీగల్లో 16 దాటి పారుతుంది. హోల్డర్లు కరగడం, స్విచ్ మాడటం, రిఫ్లెక్టరు పూత పొక్కిపోవడం దీని ఫలితాలు. ఇవి రహదారి మీద వాడకానికి ఆమోదం పొందినవి కావు. మన్నిక విషయంలోనైతే వీటిని పరిశీలనకు కూడా తీసుకోనవసరం లేదు.

ఎల్ఈడీ బల్బుల విషయంలో నా అభ్యంతరం వేరు. అవి చాలా కాలం మన్నుతాయన్నది తయారీలో నాణ్యత ఉంటే నిజమే. కానీ హాలోజన్ తీగ ఉండే చోటును బట్టి మలచిన రిఫ్లెక్టరులో వేరే ఆకారంలో వెలిగే చిప్‌లను పెడితే కాంతి గీత చెదురుతుంది, ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారుడికి కళ్లు చీకట్లు కమ్ముతాయి. జర్మనీలో 2020లో ఒస్రామ్ ఎల్ఈడీ బల్బుకు రహదారి అనుమతి లభించినప్పుడు కూడా, పరీక్షించిన ఫలానా కారు నమూనాలకు మాత్రమే అని జాబితా ఇచ్చి అనుమతించారు. మన దేశంలో వాహనాన్ని తయారీదారు ఆమోదం పొందిన రూపం నుంచి మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. అదీగాక వెనుక ఫ్యాను ఉండే ఎల్ఈడీ బల్బుకు చోటు చాలక రబ్బరు మూతను కోసేయడమో, తీసేయడమో జరుగుతుంది. మొదటి వానకే హెడ్‌లైట్ లోపల నీటి ఆవిరి పడుతుంది.

వాడకంలో పాటించవలసినవి ఎక్కువేమీ లేవు. చల్లగా ఉన్న తీగ నిరోధం వెలుగుతున్నప్పటి నిరోధంలో సుమారు పదో వంతే ఉంటుంది కాబట్టి, స్విచ్ వేసిన క్షణంలో మామూలు కరెంటుకు పది రెట్ల వరకు తీగలోకి దూకుతుంది. సన్నబడిన తీగలు ఎక్కువగా వెలిగించిన క్షణంలోనే పోవడానికి కారణం ఇదే. ఇంజను స్టార్ట్ అయ్యాక హెడ్‌లైట్ వేయడం, ప్రతి వాహనానికీ డిప్పర్ కొడుతూ పోకపోవడం, రాత్రి ప్రయాణం ముగిసిన వెంటనే వేడి దీపాల మీద నీళ్లు కొట్టించకపోవడం మంచి అలవాట్లు. వీటి వల్ల కలిగే మేలు వోల్టేజీని సరిచేయడం వల్ల కలిగే మేలుతో పోలిస్తే చిన్నదే. పగలూ రాత్రీ హెడ్‌లైట్లు వెలగవలసిన పరిస్థితుల్లో మాత్రం లాంగ్ లైఫ్ బల్బు విలువ వెంటనే తెలుస్తుంది. స్వీడన్‌లో 1977 నుంచి పగటిపూట కూడా దీపాలు వేసి నడపడం తప్పనిసరి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజనుతో పాటే హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు వచ్చింది. హెచ్4 బల్బు ఉండే బుల్లెట్ వంటి మోటారు సైకిళ్ల యజమానులు దీనిని ఆలోచించవచ్చు. చిన్న మోటారు సైకిళ్లలో ఉండే హెచ్ఎస్1 బల్బు 35 వాట్లది, చూడటానికి ఇలాగే ఉన్నా దాని అడుగు భాగం వేరు. అందులో హెచ్4ను ఇరికించకూడదు. లారీలకు వాడే 24 వోల్టుల హెచ్4 బల్బులు కూడా పక్క అరలోనే ఉంటాయి కనుక, కొనేటప్పుడు లోహపు చట్రం మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని చదివి తీసుకోవాలి.

ధర మామూలు బల్బు కంటే ఎక్కువ. దొరకడం కూడా అంత తేలిక కాదు. మేము అడిగిన దుకాణాల్లో అప్పటికప్పుడు ఇవ్వగలిగినవారు లేరు, తెప్పించుకోవలసి వచ్చింది. పేరున్న బల్బులకు నకిలీలు బజారులో ఉన్నాయి. వృత్తంలో ఆంగ్ల ఇ అక్షరమూ దాని పక్కన దేశపు అంకె గల ఆమోద ముద్రా లోహం మీద స్పష్టంగా అచ్చై ఉండాలి. గాజు నిటారుగా, తీగ వంకర లేకుండా ఉండాలి. బిల్లు ఇవ్వని చోట ఇంత ఖరీదైన బల్బు కొనవద్దని నా సలహా.

రాత్రిళ్లు ఎక్కువగా తిరిగే ట్యాక్సీ యజమానులకు, బల్బు మార్చాలంటే బంపరో బ్యాటరీయో విప్పవలసిన కార్లు ఉన్నవారికి, రిలే కిట్ ఉన్నవారికి ఈ బల్బును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వారానికి ఒకటి రెండు సార్లు ఊళ్లో మాత్రమే రాత్రిపూట కారు తీసేవారికి పేరున్న సంస్థ మామూలు 60/55 బల్బే చాలు. చార్జింగ్ సరిగా ఉంటే అది కూడా ఏళ్ల తరబడి వెలుగుతుంది. ఏది వేయించినా రెండు వైపులా ఒకేసారి, ఒకే రకం వేయించండి. ఒక వైపు తీగ తెగిందంటే, అదే రోజున వేసిన రెండో వైపు తీగ కూడా దాదాపు అంతే అరిగి ఉంటుంది. ఇంకా వెలుగుతున్న ఆ పాత బల్బును పారేయకుండా, గాజు ముట్టుకోకుండా దాని అట్టపెట్టెలోనే ఉంచి, ఒక జత పలుచని చేతి తొడుగులతో సహా డ్యాష్‌బోర్డు అరలో పడేస్తే, దారిలో ఎప్పుడైనా ఒక దీపం పోయినప్పుడు అక్కడికక్కడే వేసుకోవచ్చు.